ఎక్కిన రేవుకే

"ఇంతకీ ఈ ఓడ ఏ ఊరు వెళుతుందమ్మా?" అని అడిగారు మావారు.

అడిగింది మయామీ రేవులో, మెడలో కార్డు తగిలించుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ నవ్వులు పంచిపెడుతున్న ఒక అమ్మాయిని. ఇంగ్లీషులోనే అడిగారనుకోండి. చీరాలలో పొగాకు కంపెనీ లెక్కలు ముప్ఫై అయిదేళ్ళు రాసిన మనిషి. టిక్కెట్టు మీద ఎక్కే ఊరూ, దిగే ఊరూ రెండూ కనబడకపోతే ఆయనకి ఊపిరాడదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయి, మళ్ళీ నవ్వేసి, "మయామీకే సార్" అంది.

"మనం వున్నది మయామీలోనేగా?" అన్నారాయన నా వంక తిరిగి.

మా అబ్బాయి మధ్యలోకి వచ్చి, "నాన్నా, ఇది క్రూజ్. నాలుగు రోజులు సముద్రం మీద తిప్పి మళ్ళీ ఇక్కడే దింపుతారు. మీరు ముందు పదండి" అని భుజం మీద చెయ్యేసి నడిపించాడు. పదకొండేళ్ళుగా ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు రోజుల సెలవు కోసం ఎవరెవర్ని బతిమాలుకున్నాడో నాకు తెలుసు. కోడలు మూడు నెలల ముందే టిక్కెట్లు కొంది. కాబట్టి మావారి సందేహం అక్కడితో ఆగిపోయింది గాని, నా బుర్రలో మాత్రం ఆగలేదు. నిజమే కదా, మనుషులు ఓడ ఎందుకెక్కుతారు? ఎక్కిన రేవుకే తిరిగొచ్చే ఓడని ఎవరు కనిపెట్టారు? తిరిగొచ్చాక కూర్చుని కాస్త చదివాను. చదివింది, పడ్డది కలిపి చెబుతున్నాను.

అసలు ఈ ముచ్చట నాదే. మా చీరాల పక్కనే వాడరేవు. వాడ అంటే పాత తెలుగులో ఓడే. నా చిన్నప్పుడు ఆదివారాలు నాన్న సైకిలు ముందు కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేవారు. దూరంగా నీళ్ళకీ ఆకాశానికీ మధ్య ఒక్కోసారి అగ్గిపెట్టెంత ఓడ కనిపించేది. అది మా రేవుకి రాదు, ఎటో పోతూ వుండేది. "నన్నూ ఒకసారి ఎక్కించు నాన్నా" అని నేను ఏడవటం, "పెద్దయ్యాక నీ కొడుకు ఎక్కిస్తాళ్ళే" అని ఆయన అనటం. ఈ మాట నేనెప్పుడో నా కొడుక్కి చెప్పుంటాను. వాడు మర్చిపోలేదు. అదీ వచ్చిన చిక్కు.

ఓడ సంగతి చెప్పాలి. చీరాల గడియారస్తంభం సెంటరులో నిలబెడితే చుట్టుపక్కల వీధులన్నీ దాని నీడలోకి వస్తాయి. అయిదు వేల మంది ప్రయాణికులు. లోపల పధ్నాలుగు అంతస్తులు, లిఫ్టులు, నగల కొట్లు, నాటకశాల, జూదశాల. మా గదికి కిటికీ లేదు. కిటికీ వున్నదానికి ఇంకా చాలా డబ్బు కట్టాలిట. గోడకి కిటికీలాంటి పరదా ఒకటి వేలాడదీశారు. తీసి చూస్తే వెనకాల గోడే. పగలో రాత్రో తెలియక మొదటిరోజు నేను తెల్లవారుఝాము మూడింటికి లేచి స్నానం చేసి దీపం కోసం వెతుక్కున్నాను. అగ్గిపుల్ల గియ్యకూడదన్నారు. పడక మీద మాత్రం ఎవరో తువ్వాలుతో ఏనుగుని మడిచి పెట్టారు, దానికి నా కళ్ళజోడు తగిలించి. చేసింది మా గది సర్దే ఫిలిప్పీన్స్ కుర్రాడు. రెండోరోజు కోతి, మూడోరోజు హంస. ఆ ఓడలో నాకు మొదట నచ్చినవాడు అతనే.

తిండి కావలసినంత. కావలసిందే లేదు. గొర్రెల మందలా వరసలో నిలబడి పళ్ళెం నిండా ఉడికిన కూరముక్కలు తెచ్చుకోవటం, ఖాళీ బల్ల కోసం పళ్ళెం పట్టుకుని తిరగటం. బయటి తిండి లోపలికి రానివ్వరని కోడలు ఆవకాయ సీసా ముందే తీయించేసింది. మందుల సంచిలో కాగితంలో చుట్టిన గుంటూరు కారం మాత్రం ఎవరి కంటా పడలేదు. సముద్రం చూద్దామని పైకెళితే అక్కడ ఈతకొలను, దాని చుట్టూ కుర్చీలు, ప్రతి కుర్చీ మీదా ఎవరో పొద్దున్నే పరిచి వెళ్ళిపోయిన తువ్వాలు. మా ఊళ్ళో బస్సు కిటికీలోంచి రుమాలు వెయ్యటం చూసి నవ్వుకునే అమెరికా చుట్టాలెవరైనా వుంటే వాళ్ళని ఒకసారి ఆ డెక్కు మీదికి పంపాలి. చెవులు పగిలే పాటలు. ఆ చప్పుడులో సముద్రం వున్నట్టే తెలియదు. నాలుగు రోజుల్లో కెరటం చప్పుడు నేను వినలేదంటే నమ్ముతారా?

సరే, ఇది ఎలా మొదలైందో చూద్దాం.

మొదటి దోషం చలికాలానిది. వంద సంవత్సరాల పైచిలుకు క్రితం యూరపు నుంచి అమెరికా వెళ్ళాలంటే ఓడే గతి. చలికాలంలో అట్లాంటిక్ సముద్రం చూసి జనం భయపడేవారు. ఓడలు ఖాళీగా రేవుల్లో పడివుండేవి. హాంబర్గులో ఆల్బర్ట్ బాలిన్ అనే వర్తకుడు ఓడల కంపెనీ నడిపేవాడు. ఖాళీగా పడివున్న ఓడకైనా నౌకర్ల జీతం తప్పదు కదా. 1891 జనవరిలో 'ఆగస్టా విక్టోరియా' అనే తన పెద్ద ఓడలో 241 మంది షోకిలాలను ఎక్కించి మధ్యధరా సముద్రం చుట్టూ రెండు నెలలు తిప్పి తీసుకొచ్చాడు. పిచ్చివాడన్న వాళ్ళే తర్వాత టిక్కెట్ల కోసం వెళ్ళారు. అది కలిసొచ్చి, 1900లో ఇలా తిప్పడానికే ప్రత్యేకంగా ఒక ఓడ కట్టించాడు. 'ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిజ్' దాని పేరు. సరుకు లేదు, పేదవాళ్ళ తరగతి లేదు, అందరూ డబ్బున్నవాళ్ళే. ఆ ఓడ ఆరేళ్ళు తిరిగింది. 1906 డిసెంబరులో జమైకా దీవి దగ్గర రాళ్ళకెక్కింది. ప్రయాణికులు క్షేమంగా దిగారు. కెప్టెన్ తన గదిలోకి వెళ్ళి తుపాకీతో కాల్చుకున్నాడు.

అయినా అవి అరుదు. ఓడంటే అప్పటికి అవసరమే. మన తెలుగువాళ్ళు కాకినాడ, విశాఖల నుంచి రంగం వెళ్ళినవాళ్ళు డెక్కు మీద చాప పరుచుకుని, వంట చేసుకుని వెళ్ళారు. ఎవరూ వాళ్ళకి తువ్వాలు ఏనుగులు చెయ్యలేదు. కాని 'ఏ ఊరు' అని అడిగితే జవాబుండేది.

1958లో జెట్ విమానం అట్లాంటిక్ దాటింది. అయిదు రోజుల దారి కొన్ని గంటలయింది. ఇక ఓడ ఎక్కేదెవరు? అప్పటికే కట్టడం మొదలైన ఓడలేమో ఇంద్రభవనాలు. వాటిలో ఒకదాని కథ చదివి నాకు కడుపు తరుక్కుపోయింది. 'ఫ్రాన్స్' అని దాని పేరు. 316 మీటర్ల పొడవు. 1962లో మొదటి ప్రయాణం. పన్నెండేళ్ళు నడిచి, నూనె ధర పెరిగి, ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఆపేసేసరికి 1974లో రేవులో కట్టేశారు. 1979లో నార్వే కంపెనీ ఒకటి కొని, పేరు మార్చి, మయామీకి తెచ్చింది. తెచ్చి మొట్టమొదట చేసిన పనేమిటో తెలుసా? దాని యంత్రాల్లో సగం ఆపేశారు. నాలుగు పంకాల్లో రెండు తీసేశారు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేని ఓడకి వేగం దేనికి? అంత పెద్ద ఓడ కరిబియన్ దీవుల చుట్టూ గానుగెద్దులా ఇరవై ఏళ్ళకు పైగా తిరిగింది. 2003లో మయామీ రేవులోనే బాయిలరు పేలి ఎనిమిది మంది నౌకర్లు చనిపోయారు. చివరికి దాన్ని ఎక్కడికి తెచ్చారనుకున్నారు? మన గుజరాత్ తీరానికి, అలంగ్‌కి. 2006లో వచ్చింది. సుప్రీంకోర్టులో తగవు నడిచి, అనుమతి దొరికాక విడగొట్టి ఇనుముగా అమ్మేశారు. ఏ ఊరూ చేరనక్కర్లేదన్న ఓడ మన ఊరే చేరింది.

ఇంకో కంపెనీ కథ నవ్వొచ్చేది. 1972 మార్చిలో పాత ఓడ ఒకటి కొని 'మార్డీగ్రా' అని పేరుపెట్టి, దాదాపు 300 మంది ట్రావెల్ ఏజెంట్లను ఎక్కించుకుని మయామీ నుంచి మొదటిసారి బయల్దేరింది. రేవు దాటగానే ఇసుకలో కూరుకుపోయింది. ఏజెంట్లు ఒడ్డున కనిపిస్తున్న ఊరిని చూస్తూ మందు తాగుతూ కూర్చున్నారు. ఆ కంపెనీ మునిగిపోవాల్సింది. అలా జరగలేదు, తర్వాత ప్రపంచంలోకెల్లా పెద్ద క్రూజ్ కంపెనీ అయి కూర్చుంది. ఓడ కదలకపోయినా వాళ్ళకి సరదాగానే వుందన్నమాట. ఈ వ్యాపారంలోని కీలకం ఆ కంపెనీకి ఆ ఇసుకదిబ్బ మీదే తెలిసివుంటుందని నా అనుమానం.

అప్పటి నుంచి ఓడలు పెరుగుతూనే వున్నాయి. 2024 జనవరిలో మయామీ నుంచి మొదలైన 'ఐకన్ ఆఫ్ ది సీస్' 365 మీటర్లు, ఇరవై అంతస్తులు, ఏడు ఈతకొలనులు. ప్రయాణికులే 7,600 మంది దాకా పడతారు. సముద్రం మీద ఏడు ఈతకొలనులు!

మా ఓడ మాత్రం మధ్యలో ఒక ఊరు తాకింది. బహామా దీవుల రాజధాని నాసా. మమ్మల్ని సంతోషపెట్టడానికే అనుకున్నాను. తర్వాత తెలిసింది, దాని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటి వుందని. విదేశీ జెండా కట్టిన ఓడలు అమెరికా రేవుల మధ్య మనుషుల్ని చేరవెయ్యకూడదు. ఎక్కించినచోటే తిరిగి దింపాలన్నా మధ్యలో కనీసం ఒక విదేశీ రేవు తాకాలి. ఈ క్రూజ్ ఓడలన్నీ దాదాపుగా బహామాస్, పనామాలాంటి దేశాల జెండాలు కట్టుకున్నవే. సొంత ఓడల వాళ్ళకి పోటీ రాకూడదని ఎప్పుడో రాసుకున్న చట్టం పుణ్యమా అని మేము నాసాలో అయిదు గంటలు నేలమీద కాలు పెట్టాం.

ఆ అయిదు గంటలూ బాగున్నాయి. గడ్డితో అల్లిన బుట్టలూ టోపీలూ అమ్మే సంత వుంది. బేరం చేస్తే తగ్గిస్తారు. ప్రాణం లేచొచ్చింది. ఒక ముసలావిడ ముందు చిన్న సీసాల్లో పచ్చటి కారం. అక్కడి మిరపకాయట, 'గోట్ పెప్పర్' అంటారు, నిమ్మకాయంత బుడ్డగా ముడతలు పడి వుంటుంది. మావారు చెంచా అందుకోబోతే ఆవిడ "వద్దు, చాలా కారం" అంది. "మాది గుంటూరు వైపు" అన్నారీయన, ఆవిడకి గుంటూరంటే తెలిసినట్టు. నాలిక మీద వేసుకున్నారు. తర్వాత పావుగంట ఆయన మాట్లాడలేదు. ముసలావిడ నా వంక చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. రెండు సీసాలు కొన్నాను.

ఆ నవ్వులోనే ఒక సంగతి గుర్తొచ్చింది. కొలంబస్ 1492 అక్టోబరు 12న మొట్టమొదట కాలుపెట్టింది ఈ బహామా దీవుల్లోనే. మూడు చిన్న ఓడలు, తొంభై మంది మనుషులు, నెలకి పైగా నీళ్ళు తప్ప ఏమీ కనబడని ప్రయాణం. అతను వెతుకుతున్నది మన దేశపు మిరియాల కోసం. దొరికింది మిరపకాయ. పక్కనే వున్న హిస్పానియోలా దీవిలో జనం తినే కారం గురించి 1493 జనవరిలో తన రోజువారీ పుస్తకంలో రాసుకున్నాడు. ఆ అమెరికా ఖండపు మిరపనే పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మన పడమటి తీరానికి తెచ్చాయి. అక్కడి నుంచి ఊళ్ళు దాటుకుంటూ మన నల్లరేగళ్ళకి వచ్చింది. మిరియంలాంటి కాయ కాబట్టి మిరపకాయ. ఇవాళ గుంటూరు యార్డులో మిరప బస్తాలు చూసి అది మన తాతముత్తాతల పంటే అనుకుంటాం గాని, రుద్రమదేవి వంటింట్లో మిరపకాయ లేదు. పండుమిరప పచ్చడి లేదు, గొడ్డుకారం లేదు. ఆవిడ ఎలా ఏలిందో పాపం.

అంతదూరం మా ఓడలో వెళ్ళి నేను చూసిన సార్థకమైన వస్తువేదైనా వుంటే ఆ పచ్చకారం సీసా. మిరప పుట్టింటి వాళ్ళని పలకరించి వచ్చినట్టయింది.

మూడోరోజు అసలు ముచ్చట వుండాల్సింది. కంపెనీవాళ్ళకి సొంత దీవి వుంది. దీవిని కొనుక్కుని లేదా అద్దెకి తీసుకుని ఓడ ప్రయాణికుల కోసమే వుంచటం 1977 నుంచీ వున్న పద్ధతి. మొదటిది కూడా బహామాస్‌లోనే, గ్రేట్ స్టిరప్ కే అనే దీవి. ఊరుంటే ఊరివాళ్ళకి డబ్బు పోతుంది, దీవే మనదైతే కొబ్బరిబొండం డబ్బులు కూడా మనకే వస్తాయన్న లెక్క. మా దీవికి రేవు లేదు. ఓడ దూరంగా ఆగితే చిన్న పడవల్లో చేరవెయ్యాలి. మా కోస్తావాళ్ళకి ఇది కొత్తేం కాదు. మోటుపల్లిలోనూ, నిజాంపట్నంలోనూ, చివరికి మద్రాసులోనూ రేవు కట్టక ముందు అంతే. పెద్ద ఓడ లోతునీళ్ళలో లంగరు వేస్తే, పడవలు కెరటాల మీద ఎగిరిపడుతూ సరుకుని, మనుషుల్ని తెచ్చి ఇసుకలో దించేవి.

పొద్దున్నే మైకులో చెప్పారు. గాలి ఎక్కువగా వుంది, పడవలు వెయ్యలేం, దీవి లేదు. దానికి బదులు భోజనశాలలో బొమ్మల పోటీ, నగల మీద తగ్గింపు. అంతే. మనవరాలు ఈత బట్టలు వేసుకుని బకెట్టూ పారా పట్టుకుని తయారై వుంది. ఆ పిల్ల మొహం చూడలేకపోయాం. కోడలు కింద కౌంటరు దగ్గర గంటన్నర వరసలో నిలబడి వచ్చింది. టిక్కెట్టు వెనక రాసే వుందట: గాలీ వానా వల్లగాని, ఇంకే కారణం వల్లగాని దారి మార్చినా, రేవు మానేసినా కంపెనీకి బాధ్యత లేదు. మావారు ఆ కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చివరి దాకా చదివారు. "వీళ్ళు మనకి అభయం ఇవ్వలేదోయ్, వీళ్ళకి వీళ్ళే ఇచ్చుకున్నారు" అన్నారు.

అభయం అన్నమాట ఆయన ఊరికే అనలేదు. మోటుపల్లి వీరభద్రస్వామి గుడి స్తంభం మీద కాకతి గణపతిదేవుడు వేయించిన శాసనం వుంది. 1244-45 నాటిది, అభయశాసనం అంటారు. మా ఇద్దరికీ పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను సినిమాకి బదులు అక్కడికి తీసుకెళ్ళారు. (ఆ కోపం వేరే చెబుతాను.) అందులో సంగతి ఇదీ. గాలివానకి దారితప్పి, దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల మీద సరుకంతా వెనకటి రాజులు దోచుకునేవారు. ఓడ ఏనుగులు తెచ్చినా, గుర్రాలు తెచ్చినా, రత్నాలు తెచ్చినా గాలి తోసుకొస్తే అంతా రాజుదే. గణపతిదేవుడు అది మాన్పించాడు. సముద్రానికి తెగించి వచ్చేవాళ్ళ మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోనని మాటిచ్చాడు. సుంకం ముప్ఫైకి ఒకటి. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకలు వరసగా పేర్లున్నాయి. ఇందాక చెప్పాను కదా, మిరియాలే వున్నాయి, మిరపకాయ లేదు. తర్వాత కొండవీటి అనపోతారెడ్డి కూడా 1358లో అదే రేవులో అలాంటి శాసనమే వేయించాడు. మధ్యలో మార్కోపోలో తన పుస్తకంలో ఈ తీరాన్ని ముత్ఫిలి అని రాశాడు. ఒక రాణి చక్కగా ఏలుతోందని, సాలెగూడులాంటి సన్నబట్ట నేస్తారని. ఆయన స్వయంగా చూశాడో, ఎవరైనా చెబితే విన్నాడోగాని, చీరాల పక్కన నేత సంగతి ఏడువందల ఏళ్ళ క్రితమే వెనిస్ దాకా పాకింది. తర్వాత మూడువందల ఏళ్ళకి నిజాంపట్నానికి 1606లో డచ్చివాళ్ళు, 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చింది కూడా బట్ట కోసం, దానికి ఎర్రరంగు అద్దే చిరివేరు కోసం. అన్నీ పనిమీద వచ్చిన ఓడలే. గాలికి బాధ్యత ఎవరిదన్న తగవు అప్పుడూ వుంది. ఒక రాజు మటుకు అది ఓడవాడి నెత్తిన రుద్దకుండా తన నెత్తిన వేసుకున్నాడు.

మన తీరంలో ఈ కొత్తరకం ఓడ కథ కూడా ఒకటుంది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి 'ఎంప్రెస్' అనే విహారనౌక పుదుచ్చేరికి బయల్దేరింది. జూన్ 10న అక్కడికి చేరితే పుదుచ్చేరి ప్రభుత్వం రేవులోకి రానివ్వలేదు. ఓడలో జూదశాల వుందని, ఊరి పద్ధతులు పాడవుతాయని రాజకీయ పక్షాలు అడ్డం చెప్పాయి. ఊరు కనిపిస్తున్న దూరంలో ఆగి ఓడ వెళ్ళిపోయింది. అక్కడ ఆశ్రమం చూద్దామని ఎక్కిన పెద్దవాళ్ళు ఎంతమంది వున్నారో. తమాషా ఏమిటంటే ఆ ఓడ 1990లో మయామీ నుంచి బహామాస్‌కి మూడు నాలుగు రోజుల తిప్పుడు కోసమే కట్టింది. ముసలితనంలో మన బంగాళాఖాతానికి వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో ఇలాంటి ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా తెరిచారు. కాబట్టి మీకూ పిలుపు రావచ్చు. కిటికీ వుందో లేదో ముందే అడగండి.

దీవి తప్పిపోయిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చీకటిపెట్టెలాంటి ఆ గదిలో పడుకోలేక, శాలువా కప్పుకుని పైకెళ్ళాను. రెండయింది. పాటలు ఆపేశారు. గాలి ఇంకా విసురుగానే వుంది. కమ్మీ దగ్గర ఎవరో నిలబడి వున్నారు. దగ్గరికెళితే మా వాడే.

"నిద్ర పట్టలేదా అమ్మా?"

"నీకూ పట్టలేదుగా."

కాసేపు ఊరుకున్నాడు. "నీకు నచ్చలేదు కదా?" అన్నాడు.

"బాగుందిరా. ఇంత పెద్దది ఎప్పుడు చూశాను" అన్నాను. అబద్ధం చెప్పటం నాకు చేతకాదని వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"వాడరేవులో కనిపించే ఓడలాంటిది ఎక్కిద్దామనుకున్నా" అన్నాడు. గొంతు ఎలాగో వుంది. ఆ వయసు మగవాణ్ణి దగ్గరికి తీసుకోవచ్చో లేదో తెలియలేదు. అందుకని మా నాయనమ్మ కథ చెప్పాను. వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

మా నాయనమ్మది దుగ్గిరాల దగ్గర పల్లె. కాపురానికి పెదగంజాం రావాలి. అప్పటికే రైలుంది. మద్రాసు, బెజవాడల మధ్య 1899లోనే దారి కలిసింది. అయినా వాళ్ళ నాన్న లెక్క వేసుకున్నాడు. సారె సామాను బోలెడు. రోలు, పొత్రం, ఇత్తడి గంగాళాలు, మంచం, పందిరి గుంజలు, మూడు బస్తాల బియ్యం. రైలుకి ఎక్కించి, దించి, బండి కట్టించే కన్నా పడవే చవక. దుగ్గిరాల లాకుల దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ బాపట్ల మీదుగా పెదగంజాం దాకా వస్తుంది. అక్కడ బకింగ్‌హాం కాలువని కలుస్తుంది. అక్కడి నుంచి మద్రాసు దాకా ఉప్పునీటి కాలువ, 315 కిలోమీటర్లు. ఉప్పు, బియ్యం, కట్టెలు అన్నీ దాని మీదే. మద్రాసులో 1806లో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పొడిగించుకుంటూ వచ్చారు. ధాత కరువులో, అంటే 1876-78లో, తిండిలేని జనానికి కూలి ఇచ్చి మద్రాసులో ఒక ముక్క తవ్వించి అడయారు దాకా కలిపారు. 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం దొర పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎవరు పెడతారు?

పద్నాలుగేళ్ళ నాయనమ్మ ఆ పడవలో రెండు రాత్రులు ప్రయాణం చేసింది. గాలి వుంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు నడుముకి మోకు కట్టుకుని గట్టు మీద నడుస్తూ లాగేవారు. లాకుల దగ్గర తలుపులు మూసి నీళ్ళు వదులుతుంటే పడవ మెల్లగా కిందికి దిగటం చూసి, దేవుడు దింపుతున్నాడనుకుని దణ్ణం పెట్టిందిట. పడవ మీదే కుంపటి, చారూ అన్నం. పుట్టింటి ఊరి చెట్లు కనిపించినంతసేపు ఏడ్చి, కనబడటం మానేశాక ఏడుపు ఆపేసి, రెండోరోజు పొద్దున సరంగునడిగి చుక్కాని పట్టుకుందిట. పెదగంజాం వచ్చేసరికి మళ్ళీ భయం. మా తాతయ్య గట్టు మీద నిలబడివున్నాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు బతికి, తన జన్మలో తను చేసిన ప్రయాణం అదొక్కటే అనేది. తిరుపతి రెండుసార్లు వెళ్ళింది, రైల్లో. వాటిని లెక్కలోకి తీసుకునేది కాదు.

"చుక్కాని పట్టుకుందా?" అన్నాడు వాడు.

"పట్టుకుంది. చెయ్యి బొబ్బలెక్కింది. అత్తగారింట్లో దిగగానే ఆవిడ అడిగింది, రోకలి పట్టటం వచ్చా అని కాదు, ఈ బొబ్బలేమిటని."

వాడు నవ్వాడు. ఆ ఓడ ఎక్కాక వాడు నవ్వటం అప్పుడే చూశాను. తెల్లారేదాకా అక్కడే వున్నాం. పాటలు లేవు కాబట్టి నీళ్ళు కనిపించాయి. కెరటం చప్పుడు మాత్రం ఎంత చెవొగ్గినా వినబడలేదు. మేము పదకొండో అంతస్తులో వున్నాం.

మర్నాడు మయామీలో దిగాం. దిగేముందు మందుల సంచిలోని కారం పొట్లం ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడికి ఇచ్చేశాను. తొమ్మిది నెలలు ఇంటి మొహం చూడకుండా ఓడలోనే వుంటాట్ట. పొట్లం విప్పి వాసన చూసి తుమ్మి, రెండు చేతులా జేబులో దాచుకున్నాడు.

చీరాల వచ్చాక ఒక ఆదివారం మేమిద్దరం ఆటో మాట్లాడుకుని మోటుపల్లి వెళ్ళాం. గుడి, స్తంభం అలాగే వున్నాయి. సముద్రం ఊరికి కాస్త ఎడంగా జరిగివుంది. అక్కడి నుంచి పెదగంజాం. 1965, 66, 76 తుఫాన్లకి కాలువ బాగా దెబ్బతింది. పడవల కన్నా ముందే లారీలు వచ్చేశాయి. నాయనమ్మ దిగిన గట్టు ఏదో నాకు తెలియదు. తుమ్మచెట్ల మధ్య ఒకచోట నిలబడి ఫొటో తీసి మా వాడికి పంపాను. అక్కడ అర్ధరాత్రి. అయినా వెంటనే ఫోను చేశాడు.

"వచ్చే ఏడు నేనే వస్తా. అటు నుంచి దుగ్గిరాల దాకా వెళ్దాం. పడవలున్నాయా?"

"2008లో ఈ కాలువల్ని కలిపి జాతీయ జలమార్గం అని పేరు పెట్టారు. మనుషులెక్కే పడవలు మాత్రం లేవు" అన్నారు మావారు ఫోను లాక్కుని.

"గట్టు వుందా?"

ఈయన అటూ ఇటూ చూశారు. "కొంతమేర వుంది. తుమ్మముళ్ళున్నాయి, చెప్పులు గట్టివి తెచ్చుకో" అన్నారు.